చొక్కా మీద బొమ్మ

క్రితం వేసవి సెలవులకి మా అబ్బాయి విశాఖపట్నం నుంచి వచ్చాడు. అక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. వస్తూనే సంచీడు మాసిన బట్టలు నా ముందు పడేశాడు. సబ్బునీళ్లలో నానబెడుతుంటే ఒక నల్ల టీషర్టు చేతికి వచ్చింది. దానిమీద జడలు కట్టిన జుట్టుతో ఒకాయన బొమ్మ, పక్కన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారలు.

"ఎవర్రా ఈ స్వామీజీ?" అన్నాను.

మా వాడు పడీ పడీ నవ్వాడు. "స్వామీజీ ఏటమ్మా! బాబ్ మార్లే. పెద్ద పాటగాడు" అన్నాడు.

నేనూ నవ్వేదాన్నే. కానీ ఆ బొమ్మ కింద, గుండెకి ఎడంవైపు, చిన్న ఆకు ఒకటి ఉంది. అరచెయ్యి విప్పినట్టు వేళ్లు వేళ్లుగా విచ్చుకున్న ఆకు. అది ఏమిటో మా కొయ్యూరు వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. నా చేతిలో తడిబట్ట చేతిలోనే ఉండిపోయింది.

మా ఊరి పేరు చెబితే బయటివాళ్లకి రెండే గుర్తొస్తాయి. ఒకటి అల్లూరి సీతారామరాజుగారు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపింది మా కొయ్యూరులోనే. రెండోది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది, గంజాయి. ఈ మన్యం కొండల్లో పండే రకానికి పెట్టిన పేరు చూడండి, శీలావతి అట! ఒక పతివ్రత పేరు. 2021 చివర్లో పోలీసువారు 'ఆపరేషన్ పరివర్తన' అని మొదలుపెట్టి వేల ఎకరాల్లో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకు కుప్పపోసి తగలబెట్టారు. అయినా దారుల్లో ఇప్పటికీ తనిఖీలు జరుగుతూనే ఉంటాయి.

పట్టుబడేది ఎవరంటారు? డబ్బు పెట్టినవాడు ఎక్కడో పట్నంలో ఉంటాడు. దొరికేది మూట మోసిన కుర్రాడు. 20 కిలోలు గానీ దాటిందంటే పదేళ్లకి తక్కువ కాకుండా శిక్ష, ఇరవై ఏళ్ల వరకూ పడొచ్చు. బెయిలు కూడా అంత తేలిగ్గా రాదు. నాకు తెలిసిన ఒకావిడ కొడుకు ఇలాగే ఇరుక్కున్నాడు. పేరు చెప్పను, చెప్పకూడదు. ఐదువేలు ఇస్తామంటే సంచి పట్టుకుని బస్సెక్కాడు. ఆవిడ పుస్తెలతాడు తాకట్టు పెట్టి వకీలుకి కట్టింది. ములాఖత్ రోజున తెల్లవారుజామునే లేచి అన్నం వండి పెట్టుకుని జైలుకి బయలుదేరుతుంది. వండింది లోపలికి పోనివ్వరని తెలుసు. అయినా వండుతుంది. తల్లి ప్రాణం కదా!

అందుకే ఆ చొక్కా ఉతికి ఆరేశానే గానీ మా వాడికి ఇవ్వలేదు. మడతపెట్టి బియ్యం డబ్బా వెనక దాచేశాను. వాడు ఇల్లంతా వెతుక్కున్నాడు. రెండు రోజులు చూసి, "దాచావు కదూ?" అన్నాడు.

"అవును. నువ్వు ఆ ఆకు తాగుతున్నావా?" అని అడిగేశాను.

వాడి మొహం ఎర్రబడింది. "బొమ్మ బాగుందని కొన్నాను. నా మీద నమ్మకం లేకపోతే ఆయన సినిమా ఉంది, చూడు. ఆయనెవరో తెలుసుకుని అప్పుడు మాట్లాడు" అన్నాడు.

సరే కానీ అన్నాను. ఆ రాత్రి మా వారు కొట్టు కట్టేసి వచ్చి భోంచేసి పడుకున్నాక, తల్లీకొడుకులం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. సినిమా పేరు 'బాబ్ మార్లే: వన్ లవ్'. 2024 ఫిబ్రవరిలో విడుదలైంది. రెయినాల్డో మార్కస్ గ్రీన్ అనే ఆయన తీశాడు. మార్లేగా కింగ్‌స్లీ బెన్-అదిర్, భార్య రీటాగా లషానా లించ్ వేశారు. వాళ్ల ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదండీ. నేనంటే ఇంటర్‌తో ఆపేసినదాన్ని, మా వాడికీ అర్థం కాలేదు! కింద అక్షరాలు పడుతుంటే ఆపి ఆపి చదువుకుంటూ చూశాం.

కథ జమైకా అనే దీవిలో జరుగుతుంది. 1976లో అక్కడ రెండు పార్టీల వాళ్లు వీధుల్లో చంపుకుంటూ ఉంటే, జనాన్ని కలపాలని మార్లే ఒక పాటకచేరీ పెట్టుకుంటాడు. దానికి రెండు రోజుల ముందు, డిసెంబరు 3న, దుండగులు తుపాకులతో వాళ్ల ఇంటిమీద పడ్డారు. మార్లేకి ఛాతీ మీద, చేతికి గాయాలు. కారులో ఉన్న రీటా తలకి తూటా తగిలింది. అయినా డిసెంబరు 5న ఆ భార్యాభర్తలిద్దరూ వేదిక ఎక్కి పాడారు. ఇది సినిమావాళ్ల కల్పన కాదు, నిజంగా జరిగినదే. తలలో గాయంతో ఆ ఇల్లాలు పాడుతుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

తరవాత అతను లండన్ వెళ్లిపోతాడు, ఆవిడ పిల్లల్ని తీసుకుని అమెరికాలో ఉన్న అత్తగారి దగ్గరికి చేరుతుంది. లండన్‌లో అతను 1977లో 'ఎక్సోడస్' అనే పాటల రికార్డు తయారుచేస్తాడు. దాన్నే 1999లో టైమ్ పత్రిక ఇరవయ్యో శతాబ్దపు మేటి ఆల్బమ్ అంది. ఆ పాటలు ఎలా పుట్టాయో చూపించిన సన్నివేశాలు బాగున్నాయి. చిన్న గదిలో నలుగురు కూర్చుని ఒక్కో వాయిద్యం కలుపుకుంటూ పోతుంటే మా ఊరి భజనబృందం గుర్తొచ్చింది.

గంజాయి సంగతి అడుగుతారా? ఉంది. సినిమా నిండా ఉంది. అది వాళ్ల రాస్తాఫారీ మతంలో ఒక ఆచారం. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దేవుడిగా కొలుస్తారు, జుట్టు దువ్వకుండా జడలు కట్టనిస్తారు, ఆ పొగని పవిత్రమనుకుంటారు. ఇంకో విషయం తెలిసి ఆశ్చర్యపోయాను. జమైకాలో కూడా దాన్ని 'గాంజా' అనే అంటారట! 1845 నుంచి మన దేశం వాళ్లని చెరకుతోటల్లో కూలికి ఓడల్లో తీసుకెళ్లారు. ఆ మాట వాళ్లతో వెళ్లిందే. మార్లే కాలంలో అక్కడా అది నేరమే. 2015లో గానీ కొద్దిపాటి సరుకు దగ్గరుంటే అరెస్టు చెయ్యనక్కర్లేదని చట్టం మార్చుకోలేదు.

"చూశావా, వాళ్లకది పూజలాంటిది" అన్నాడు మా వాడు.

"మరి మన కొండమీద ఎవరు పూజ చేస్తున్నార్రా? అక్కడ దేవుడి పేరన్నా ఉంది. ఇక్కడ మూటా, బస్సూ, జైలే కదా" అన్నాను. వాడు మారు మాట్లాడలేదు.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం రీటాయే. పారిస్‌లో ఒక రాత్రి వీధిలో మొగుడూ పెళ్లాలు దెబ్బలాడుకునే ఘట్టం ఉంది. అతనికి బయటి సంబంధాలున్నాయి, ఆ పిల్లల బాధ్యతా ఈవిడ మీదే పడింది. అందరికీ శాంతి గురించి పాడే మనిషి ఇంట్లో మనిషికి మాత్రం శాంతి లేకుండా చేశాడు. ఆ మాట ఆవిడ మొహం మీదే అడుగుతుంటే నేను లేచి నిలబడ్డాను! మా వాడు "కూర్చోమ్మా, నాన్న లేస్తారు" అన్నాడు.

కాకపోతే ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అంత ముఖ్యమైన సంగతి ఆ ఒక్క ఘట్టంతో సరిపెట్టేశారు. తీసినవాళ్లలో సొంత కుటుంబం వాళ్లే ఉన్నారు. ఇంటిగుట్టు ఎంతవరకు విప్పుతారు చెప్పండి! చిన్నతనం కూడా తుంపులు తుంపులుగా చూపించారు. తెల్లజాతి తండ్రి వదిలేసి పోతే పేదతల్లి పెంచిన పిల్లాడు. ఆ తల్లి ఎలా నెట్టుకొచ్చిందో చూడాలని నాకుంది, చూపించలేదు. 1978 ఏప్రిల్‌లో బద్ధశత్రువులైన ఇద్దరు నాయకులని వేదిక మీదికి పిలిచి మార్లే చేతులు కలిపించిన సంఘటన చాలా గొప్పది. సినిమా మాత్రం అక్కడికి వచ్చేసరికి అయిపోతుంది.

కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' 1974లో వచ్చింది. మా పక్క చింతపల్లి అడవుల్లోనే తీశారు. ఆ సినిమా గురించి మా మామగారు ఒక మాట అనేవారు. "సినిమా చూసి దణ్ణం పెట్టుకో. కానీ మనిషి సంగతి తెలియాలంటే ఆ ఊరి ముసలమ్మలని అడుగు" అని. మార్లే సినిమాకీ అదే వర్తిస్తుంది. ముసలమ్మలు లేరు కనక రీటా మొహం చూసి తెలుసుకోవాలి.

ఇంకో సంగతి, ఇది మనకి పనికొచ్చేది. బంతాట ఆడేటప్పుడు మార్లే కాలివేలికి దెబ్బ తగిలింది. మానలేదు. 1977లో చూపిస్తే గోటి కింద చర్మపు క్యాన్సర్ అన్నారు. వేలు తీసేయాలంటే ఒప్పుకోలేదు. 1981 మే 11న, 36 ఏళ్లకే పోయాడు. మనం కూడా కాళ్లకి తగిలిన దెబ్బలని పసుపు రాసి వదిలేస్తాం. గోటి కింద నల్లమచ్చ వచ్చి పెరుగుతున్నా, పుండు వారాల తరబడి మానకపోయినా డాక్టరుకి చూపించండి. మన కాళ్లని మనం చూసుకునేది ఎప్పుడు, పారాణి పెట్టుకునే రోజు తప్ప!

సినిమా అయ్యాక ఒక పాట గురించి అడిగాను. 'నో ఉమన్, నో క్రై' అనే పాట. మా వాడు ఆ మాటలని ఒకసారి ఫోనులో స్టేటస్‌గా పెట్టి, "ఆడది లేకపోతే ఏడుపే లేదు అని అర్థం" అని వాళ్ల నాన్నకి చెప్పి నవ్వించాడు. నాకది ముల్లులా గుచ్చుకునే ఉంది. ఇప్పుడు ఫోనులో వెతికి, వాడే మెల్లగా చెప్పాడు. "అది కాదటమ్మా. వద్దమ్మా, ఏడవకు అని. ఆవిణ్ణి ఓదారుస్తున్నాడు" అని. ఆ పాటలో పేదవాడలో పొయ్యి మీద మొక్కజొన్న నూక జావ కాచుకుని పంచుకు తాగిన రోజులు తలుచుకుంటాడట. మన చోడి అంబలి లాంటిదే అన్నమాట. పాట రాసినట్టుగా పేరు కూడా ఆ వాడలో ఆకలిగొన్నవాళ్లకి అన్నం పెట్టే స్నేహితుడు విన్సెంట్ ఫోర్డ్‌దే ఉంటుంది.

చూశారా! పాటని తలకిందులుగా అర్థం చేసుకున్నారు, మనిషినీ అలాగే చేసుకున్నారు. చొక్కాలు అమ్మేవాళ్లు ఆయన జడలూ, ఆ ఆకూ తీసుకున్నారు. తూటా దెబ్బతో పాడిన తెగువా, జావ పంచుకున్న సంగతీ, రీటా మోసిన బరువూ బొమ్మలో పట్టవు కనక వదిలేశారు. తెలియని పిల్లలు ఆ ఆకే మార్లే అనుకుంటున్నారు. ఆ ఆకు ఏం చేస్తుందో మా కొయ్యూరు తల్లులకి తెలుసు.

చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తరవాత వాడే అన్నాడు, "నేను తాగలేదమ్మా. హాస్టల్లో ఒకడు ఇవ్వబోయాడు. భయమేసింది. నీతో చెబితే చదువు మానిపించేస్తావని చెప్పలేదు" అని. నా గుండె ఆగి కొట్టుకుంది. తిట్టలేదు. "చెప్పావు కదా, చాలు. మళ్లీ ఎవడైనా ఇస్తే అదే రోజు చెప్పు. చదువు మానిపించను" అన్నాను. ఆ చొక్కా దాచి ఊరుకుని ఉంటే ఈ మాట నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మీ పిల్లలు ఏ బొమ్మ వేసుకు తిరుగుతున్నారో అడగండి వదినగార్లూ. దాచకండి, చింపకండి. పక్కన కూర్చుని వాళ్లు చూసేది మీరూ చూడండి. నచ్చనిది నచ్చలేదనే చెప్పండి.

మర్నాడు బియ్యం డబ్బా వెనకనుంచి చొక్కా తీశాను. మార్లే బొమ్మని అలాగే ఉంచి, ఆ ఆకు మీద మాత్రం నా పాత నేతచీర అంచు ముక్కతో చిన్న జేబు కుట్టేశాను. ఎరుపు మీద పసుపు గళ్లు, చారలకి సరిగ్గా కలిసింది. మా వాడు చూసి, "బస్సు టికెట్టు పెట్టుకోవచ్చు" అన్నాడు.

ఆదివారం ఆ చొక్కాయే వేసుకుని నర్సీపట్నం బస్సెక్కాడు.