పొగాకు నీళ్ళూ, వేపగింజలూ

పిల్లలూ! టమాటా ఆకును వేళ్ళ మధ్య నలిపి ఎప్పుడైనా వాసన చూచారా? ఘాటుగా ఉంటుంది. వేళ్ళకు పసుపుపచ్చని జిగురు కూడా అంటుకుంటుంది. ఆ ఆకులో టమాటిన్ అనే చేదు పదార్థం ఒకటి ఉన్నది. పురుగు వచ్చినప్పుడు మొక్క లేచి పారిపోలేదు గదా! అందుచేత చాలా మొక్కలు ఏదో ఒక చేదునో, ఘాటునో, విషాన్నో తమ ఆకుల్లోను గింజల్లోను దాచుకుంటాయి. ఒక మొక్క దాచుకున్న సరుకును మనం తీసి మరొక మొక్క ఆకుల మీద చల్లితే దాన్ని కూడా కాపాడుతుందా? కాపాడుతుంది. అయితే ఈ సంగతి నేర్చుకునేటప్పుడు నేనొక పెద్ద పొరపాటు చేశాను. ముందు అది చెబుతాను.

1994లో నేను ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరి బడిలో సైన్సు మాస్టరుగా ఉండేవాణ్ణి. హెడ్మాస్టరును తరవాత ఎప్పటికో అయ్యాను. ఆ ఊరి చుట్టూ ఎటు చూచినా పొగాకు చేలే. బడి వెనుక ఐదు సెంట్ల దొడ్డి ఖాళీగా పడి ఉంటే, ఎనిమిదో తరగతి పిల్లలూ నేనూ కలిసి బాగుచేసి టమాటా నారు నాటాం. కాయలు అమ్మిన డబ్బుతో బడికి ఒక మైక్రోస్కోపు కొనాలని మా ఆశ. పిల్లలు పొద్దున్నే వచ్చి, బావి నుంచి బిందెలతో నీళ్ళు మోసి పోసేవాళ్ళు.

సంక్రాంతి సెలవులు అయి తిరిగి వచ్చేసరికి చిగుళ్ళకు పేనుబంక పట్టి ఉన్నది. పచ్చికాయలకు బెజ్జాలు పడినై. ఒక కాయ కోసి చూస్తే లోపల పచ్చపురుగు హాయిగా కూర్చుని ఉన్నది! ఊళ్ళో పురుగుమందుల కొట్టు ఉన్నది గాని, పిల్లల చేత విషం చల్లించటానికి నా మనసు ఒప్పలేదు. మా తాతగారు వంగతోటకు పొగాకు నీళ్ళు చల్లటం చిన్నప్పుడు చూచాను. ఆ ఊళ్ళో పొగాకు కాడలకు కరువేమిటి? "ఇది మందు కాదురా, ఆకు పసరే," అని పిల్లలకు చెప్పాను. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాడలు ఒక రాత్రంతా నానబెట్టి, వడకట్టి, ఒక రైతు దగ్గర అరువు తెచ్చిన స్ప్రేయరులో పోశాం. దాని మూత సరిగా బిగిసేది కాదు. తరగతిలో కాస్త కండగల కుర్రవాడొకడు దాన్ని వీపుకు తగిలించుకున్నాడు. వాడి పేరు ఇక్కడ వ్రాయను. ఇప్పుడు వాడికే బడికి పోయే పిల్లలున్నారు. నాలుగు సాళ్ళు చల్లేసరికి వాడి చొక్కా వెనుక అంతా తడిసింది. వాడు చెప్పలేదు, నేను చూడలేదు.

గంటయిందో లేదో, వాడి ముఖం తెల్లగా పాలిపోయింది. చలిరోజుల్లో ఒళ్ళంతా చెమటలు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పరగడుపున వచ్చాడేమో అనుకుని నేను చెట్టు కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. ఎవరో పరుగెత్తి కబురు చెబితే వాళ్ళ అమ్మ పొగాకు చేలో నుంచి అట్లాగే వచ్చింది. ఆమె నన్నేమీ అడగలేదు. కొడుకు చొక్కా వాసన చూచింది. ఒక్క గుంజుతో దాన్ని చించి పారేసి, బావి దగ్గరికి తీసుకుపోయి, సబ్బు పెట్టి వీపు రుద్ది, బిందె తరవాత బిందె నీళ్ళు పోసింది. ఆ తరవాతే పక్క ఊరి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. చొక్కా తీసి కడగటం చాలా మంచిపని అయిందని డాక్టరు అన్నాడు. సాయంత్రానికి కుర్రవాడు తేరుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఆమె నాతో, "మంచుకు తడిసిన ఆకు కోసిన రోజున మాకూ ఇట్లాగే తల తిరుగుద్ది, అయ్యవారూ. ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని గదా!" అన్నది.

నేను బి.ఎస్సీ. చదివాను, బి.ఎడ్. చదివాను. ఆమెకు తెలిసిన సంగతి నాకు తెలియలేదు.

పొగాకులో ఉన్నది నికోటిన్. 1828లో జర్మనీలో పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు దాన్ని మొదటిసారి పొగాకు నుంచి వేరుచేశారు. అది పురుగు నరాల మీద ఎట్లా పనిచేస్తుందో, మన నరాల మీద కూడా అట్లాగే పనిచేస్తుంది. మింగనక్కరలేదు, తడి తగిలితే చర్మం గుండానే ఒంట్లోకి పోతుంది. నికోటిన్ సల్ఫేటును ఒకప్పుడు చాలా దేశాల్లో తోటలకు చల్లేవారు. మన దేశంలో ఇప్పుడు దాని వాడకం నిషేధం. ఇంకొక సంగతి. పొగాకూ, టమాటా, వంగ, మిరప అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. పొగాకుకు వచ్చే మొజాయిక్ తెగులు వైరసు ఎండిన ఆకులో కూడా బతికి ఉంటుంది. ఆ చేతులతో టమాటా కొమ్మలు తుంచితే దానికీ అంటుకుంటుంది. మేం చేసిన పని సరిగ్గా అదే. కొద్దివారాల్లో మా దొడ్లో ఆకులు లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలతో ముడతలు పడినై. మొక్కలన్నీ పీకి తగలబెట్టాం. కాయలు తినటానికి ఎవరికీ ఇవ్వలేదు, గోతిలో పూడ్చాం. మైక్రోస్కోపు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వేసవిలో నేను ఒంగోలు వెళ్ళి, గ్రంథాలయంలో కూర్చుని వేపను గురించి చదివాను. 1959లో సూడాన్ దేశం మీద మిడతల దండు పడి చెట్ల ఆకులన్నీ తినేసింది. వేపచెట్ల మీద కూడా వాలింది గాని వాటిని మాత్రం తినలేదు. ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త అది కళ్ళారా చూచాడు. 1962లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ అనే శాస్త్రవేత్తా, ఆయన తోటివారూ వేపపప్పు కలిపిన నీళ్ళు పైరు మీద చల్లితే మిడతలు ఆ పైరును ముట్టలేదు. ఇందులో ముఖ్యమైన పదార్థాన్ని 1968లో ఇంగ్లండులో వేరుచేశారు. దాని పేరు అజాడిరాక్టిన్. అది ఎంత చిక్కైన పదార్థమంటే, కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే అనే ఆయన బృందం దాన్ని ప్రయోగశాలలో తయారు చేయటానికి 22 ఏళ్ళు పట్టింది. 2007లో గాని పూర్తికాలేదు. మన వీధి చివరి వేపచెట్టు ఏటా ఆ పని చేస్తూనే ఉన్నది!

ఆషాఢంలో పిల్లలు రాలిన వేపపళ్ళు ఏరారు. గుజ్జు కడిగి, గింజలు నీడన ఆరబెట్టాం. బూజు పట్టినవి తీసిపారేశాం. మళ్ళీ టమాటా వేసినప్పుడు, పది లీటర్ల నీళ్ళకు అరకిలో పప్పు చొప్పున రోట్లో దంచి, గుడ్డలో మూటగట్టి రాత్రంతా నానబెట్టాం. మరునాడు మూటను బాగా పిండితే నీళ్ళు పాలలాగా తెల్లబడినై. ఆకుకు అంటుకోవటానికి కొంచెం సబ్బునీళ్ళు కలిపి, పొద్దువాలిన తరవాత ఆకుల పైనా, అడుగునా తడిసేట్టు చల్లాం. సాయంత్రమే ఎందుకంటే, ఎండ తగిలితే అజాడిరాక్టిన్ త్వరగా చెడిపోతుంది. నిలవ ఉంచినా పనికిరాదు. ఈసారి స్ప్రేయరు కొత్తది. దాన్ని మోసింది నేను. పిల్లల పని చూచి వ్రాసుకోవటమే.

మరునాడు పొద్దున్నే ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి, "మాస్టారూ, పురుగులు చావలేదు!" అన్నది. అందరి ముఖాలూ వాడిపోయినై. అప్పుడు రెండు గాజు సీసాలు తెచ్చి, మూతులకు పలచని గుడ్డ కట్టి, ఒకదానిలో చల్లిన ఆకులూ, రెండోదానిలో చల్లని ఆకులూ వేసి, నాలుగేసి చిన్న పురుగులను వదిలాం. రెండో సీసాలోవి ఈనెలు తప్ప అన్నీ తినేసి లావెక్కినై. మొదటి సీసాలోవి ఆకు కొరికి ఊరుకున్నై. వారం తిరిగేసరికి ఒకటి పాత చర్మం సగం విడిచి, సగం విడవలేక అట్లాగే చచ్చి ఉన్నది. పాము కుబుసం విడిచినట్టు పురుగు కూడా చర్మం విడుస్తూ పెరుగుతుంది. ఎప్పుడు విడవాలో చెప్పే హార్మోను ఒకటి దాని ఒంట్లో ఉంటుంది. అజాడిరాక్టిన్ ఆ ఏర్పాటునే చెడగొడుతుంది. అది నరాల మీద దెబ్బ కాదు, ఆకలి మీదా, ఎదుగుదల మీదా దెబ్బ. అందుకే నిదానం.

వేప అన్నిటికీ మందు అని మాత్రం అనుకోకండి. కాయలోకి దూరిన పురుగును అది ఏమీ చేయలేదు. గుడ్లు కనిపించినప్పుడే, పురుగు చిన్నదిగా ఉన్నప్పుడే చల్లాలి. తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరసు మొక్కలో ప్రవేశించిన తరవాత ఎన్నిసార్లు చల్లినా పోదు. ఆ మొక్కను పీకివేయటమే. మేం ఎనిమిది మొక్కలు పీకాం. వేపనూనె తాగించిన పసిబిడ్డలకు ఫిట్సు వచ్చి ప్రాణం మీదికి వచ్చిన సంగతులు వైద్యులు వ్రాసిపెట్టారు. వేపపుల్ల నమిలే మనకు ఆ మాట వింతగానే ఉంటుంది.

ఆ ఏడు కాయలు బాగానే వచ్చినై గాని, సంతలో టమాటా ధర పడిపోయింది. మైక్రోస్కోపుకు చాలక నాలుగు భూతద్దాలు కొన్నాం.

ఒక సంగతి చెప్పటం మరిచాను. మేం మొదటిసారి వేపనీళ్ళు చల్లిన నాడు ఆ కుర్రవాడి తల్లి పని మానుకుని బడికి వచ్చింది. తెల్లని నీళ్ళను వాసన చూచి, "ఇది వీపు మీద కారితే ఏమవుద్ది, అయ్యవారూ?" అని అడిగింది. పుస్తకంలో ఏమున్నదో చెప్పబోయి, ఆగాను. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా ఆ నీళ్ళు పోసుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆమె ఎదురుగా స్తంభానికి ఆనుకుని కూర్చుని, పొద్దు వాలేదాకా నా చెయ్యి వంక చూస్తూనే ఉన్నది.