మేకపిల్ల కాదు, నాయనా

గుశైణి, మే 4

నాయనకు,

ఔట్ దగ్గర దిగి, బంజార్‌లో బస్సు మారి, నిన్న పొద్దుగూకే వేళకు ఈ ఊరు చేరుకున్నా. ఇక్కడ ఏటి ఒడ్డున ఒక రాయి ఉంది. దాని మీద నిలబడితే ఫోన్‌కు సిగ్నల్ వస్తుంది, దిగితే పోతుంది. అందుకే కాగితం పట్టుకున్నా. అమ్మకు నువ్వే చదివి వినిపించు, చలి ఊసు వచ్చిన చోటల్లా దాటేసి.

నేను దిగిన ఇంటి ముందే తీర్థన్ నది. మన పెన్నలో నీళ్లు చూడాలంటే తుపాను రావాల. ఇదేమో మంచు కరిగి మండువేసవిలో రాళ్లు దొర్లిస్తా పోతోంది. దీని మీద కరెంటు ప్రాజెక్టులు కట్టబోతే ఇక్కడి జనం హైకోర్టు దాకా పోయి ఆపించుకున్నారంట. ఇంటాయన ఆ సంగతి తన పెండ్లి సంగతి చెప్పినంత మురిపెంగా చెప్పాడు.

బయల్దేరేటప్పుడు నువ్వన్న మాట దారంతా చెవుల్లోనే ఉంది. "ఒక కోడి కోసం అంత దూరమా?" కోడే, కాదనను. నెమలికీ అడవికోడికీ చుట్టం. ఇంగ్లీషు పుస్తకాల్లో వెస్టర్న్ ట్రాగోపాన్, ఇక్కడివాళ్లకు జుజురాణా, అంటే పక్షుల్లో రాజు. పుంజుకు నల్లటి తల, నిప్పురంగు మెడ, ఒళ్లంతా తెల్ల చుక్కలు. లోకంలోని పిట్టలన్నీ తలా ఒక ఈక ఇస్తే దేవుడు దీన్ని చేశాడని ఈ కొండల్లో కథ. 2007లో హిమాచల్ దీన్ని రాష్ట్ర పక్షిని చేసుకుంది. అంతకుముందు ఆ పీట మోనాల్ అనే ఇంకో కొండకోడిది. పాకిస్తాన్‌లోని హజారా కొండల నుంచి కశ్మీరు, హిమాచల్ మీదుగా గర్వాల్ పడమటి కొస దాకా ఒక సన్నటి పట్టీ ఉంది. ఆ పట్టీలో తప్ప ఇది ఇంకెక్కడా బతకదు. అంతా కలిపి లెక్కేసినా కొన్ని వేలే.

రేపు గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులోకి పోతున్నాం. పర్మిట్ చేతికొచ్చింది.

*

శిల్ట్, మే 8

నాయనా,

ఇది దుప్పట్లో కూర్చుని రాస్తున్నా, అక్షరాలు వంకర పోతే తిట్టుకోవద్దు.

గుశైణి నుంచి రోల్లా దాకా పది కిలోమీటర్లు ఏటి పక్కనే నడక, అది సులువే. అక్కడి నుంచి శిల్ట్ గుడిసె దాకా ఎక్కుడే ఎక్కుడు. మూడు వేల మీటర్ల ఎత్తు దాటాం. లంకమల ఎక్కిన కాళ్లు కదా అనుకున్నా, సగం దారిలోనే గర్వం దిగింది.

నిన్న తెల్లారుజామున ఏమైందో చెప్తా. ఇంకా చీకటిగానే ఉంది. పైన వాలులో ఎక్కడో మేకపిల్ల అరుస్తోంది, తల్లి నుంచి తప్పిపోయి గొంతు బొంగురుపోయేలా ఏడ్చే పిల్ల. నేను నిద్రమత్తులో లేచి చెప్పులు వెతుక్కుంటున్నా. నీ కొడుకును కదా! పిల్ల అరిస్తే లేవకుండా పడుకుంటే నువ్వు ఏమనేవాడివో గుర్తుంది. మాకు దారి చూపించే ఆయన పడుకునే నవ్వాడు. "మేక కాదు, జుజురాణా" అన్నాడు.

పుంజు ఏడుపు అది. ఏప్రిల్, మే నెలల్లో జతకట్టే కాలంలో పొద్దున్నే అట్లా అరుస్తుంది. తరువాత గంటన్నర సేపు ఒక బండ చాటున కదలకుండా కూర్చున్నాం. మూడు చోట్ల నుంచి వినిపించింది. ఒక్కటీ కనిపించలేదు. పెట్టకు ఆట చూపించేటప్పుడు పుంజు తల మీద నీలం కొమ్ములు లేస్తాయి, గొంతు కింద నీలం, గులాబీ రంగుల తోలు విచ్చుకుంటుంది అని చదువుకొని వచ్చా. చదువు చదువుగానే మిగిలింది. మోనాల్ మాత్రం ఎదురుగానే దిగి, ముక్కుతో నేల తవ్వుకుంటా కూర్చుంది. ఎండ తగిలితే రాగి, పచ్చ, ఊదా రంగుల్లో మెరిసిపోతుంది. దాని తల మీది ఈకల్ని ఒకప్పుడు ఇక్కడి మగవాళ్లు టోపీకి పెట్టుకునేవాళ్లు. 1982లో వేట నిషేధించాకే మోనాల్ తల మోనాల్‌కు మిగిలింది.

అడవి ఎట్లా ఉందంటే, పైన ఖర్సు ఓక్ చెట్లు, ఫిర్ చెట్లు. కింద మనిషి దూరలేనంత గుబురుగా రింగాల్, అంటే వేలంత లావు వెదురు. జుజురాణాకు కావాల్సింది ఆ కింది గుబురే. అది తినేదీ దాక్కునేదీ అందులోనే, నిద్రకు మాత్రం చెట్టెక్కుతుంది. పైనుంచి చూసేవాళ్లకు చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి అడవి బాగున్నట్టే ఉంటుంది. కింద గుబురు పోతే ఆ పక్షికి ఇల్లు పోయినట్టే. ఇది ఫొటోలో పడదు. నువ్వైతే ఒక్క చూపులో కనిపెడతావు, జీవాలు తిరిగిన వాలేదో తిరగనిదేదో నీకు చెప్పాల్నా?

మా దారి చూపించే ఆయన ఒకప్పటి ఫుఆల్, అంటే కాపరి. వేసవి ఎక్కుతుంటే మందను ఈ వాలుల మీదుగానే పై గడ్డిమైదానాలకు తోలుకుపోయేవాడు. ఆ రోజుల్లో వేల జీవాలు ఇట్లానే పోయేవి. పోతా పోతా లేత రింగాల్‌ను మేసేవి. వెంట ఉన్న కుక్కలు గూళ్లు పసిగట్టేవి. సరిగ్గా పక్షి గుడ్లు పొదిగే వారాల్లోనే ఆడవాళ్లు, పిల్లలు గుచ్చి పుట్టగొడుగుల కోసం రాలిన ఆకుల కింద వెతుక్కుంటా అడవంతా తిరిగేవాళ్లు. ఎండబెట్టిన గుచ్చి కిలో వేల రూపాయలు పలుకుతుంది. అంత డబ్బు నేల మీద మొలిచి ఉంటే ఇంట్లో ఎవరు కూర్చుంటారు? గూటి మీది పెట్ట రెండు మూడుసార్లు బెదిరి లేచిందంటే గుడ్లు చల్లబడిపోతాయి. పక్షికి ఎవరూ హాని తలపెట్టలేదు. అయినా ఆ ఏటి సంతానం పోయింది.

1999లో పార్కుకు ఆఖరి నోటిఫికేషన్ వచ్చినప్పుడు మేపుకునే హక్కులు, మూలికలు తవ్వుకునే హక్కులు రద్దయినాయి. కొందరికి పరిహారం ఇచ్చారు. మన డ్వాక్రా లాంటి పొదుపు సంఘాలు పెట్టించి ఆడవాళ్ల చేత వర్మీకంపోస్టు చేయించారు. మా దారి చూపించే ఈయన ఇప్పుడు నాలాంటి వాళ్ల సంచులు మోస్తున్నాడు. మంద సంగతి నేనే అడిగా. చెప్పి, కాసేపు ఊరుకొని, నన్నొక మాట అడిగాడు. అది తరువాత రాస్తా.

*

శాంఘడ్, సైంజ్ లోయ, మే 12

నాయనా,

పక్క లోయకు వచ్చినాం. ఇక్కడి కథ వేరు. పార్వతి నది నీళ్లను కొండ లోపల 31 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తవ్వి ఈ లోయలోకి తెచ్చారు, 800 మెగావాట్ల కరెంటు కోసం. పార్కు హద్దులు ఖాయం చేసేటప్పుడే జీవా నాలా లోయలో కొంత నేలను ఈ ప్రాజెక్టు కోసం బయట పెట్టేశారు. కాపరికి హక్కు పోయిన ఏడాదే సొరంగానికి దారి దొరికింది. రెండింటినీ ఒకే తక్కెడలో వేసి చూడొద్దని నాతో వచ్చిన స్నేహితుడు అంటాడు. నేను చూస్తాను.

నిన్న జుజురాణా కులపు ఇంకో కోడి కోసం వెతికాం, ఇంగ్లీషులో వీటిని ఫెజెంట్లు అంటారు. దాని పేరు చీర్. అమ్మకు చెప్పు, చీర కాదు, చీర్. పొడుగు తోక, బూడిదా గోధుమా కలిసిన రంగు, జుజురాణా ముందు బీద చుట్టంలా ఉంటుంది. దీనికి అడవి గుబురు పనికిరాదు. నిటారు రాతి వాలు మీద గడ్డి కావాల, నడుమ నడుమ ఒకటీ అరా పొద. దుంపలు, వేర్లు తవ్వుకు తింటుంది. అట్లాంటి వాలులు ఊళ్ల పక్కనే ఉంటాయి. ఎందుకంటే జనం గడ్డి కోసుకొని, అప్పుడప్పుడూ కాల్చి, వాటిని గడ్డిగానే ఉంచుతారు. మనిషి చెయ్యి పూర్తిగా తీసేస్తే పొదలు కమ్ముకుంటాయి, చీర్‌కు చోటు ఉండదు. చెయ్యి మరీ ఎక్కువైనా ఉండదు.

ఒకే జిల్లాలో, ఒకే కులపు రెండు పక్షులు. ఒకదానికి మన నీడ కూడా పడకూడదు, ఇంకొకదానికి మన కొడవలి కావాల. రెండింటికీ కలిపి ఒకే కంచె వేస్తే ఎట్లా సరిపోతుంది?

అప్పుడే మన కలివికోడి గుర్తొచ్చింది. 1900 తరువాత ఎవరికీ కనబడక, లేదనుకున్న పిట్ట 1986లో రెడ్డిపల్లె కాడ దొరికిందని పేపర్లో వచ్చినప్పుడు, "మేం రాత్రిళ్లు ఆ పొదల్లోనే తిరిగినాం" అని నువ్వు ఎన్నిసార్లు చెప్పినావో. దాని కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చాల్సి వచ్చింది. ఆ పిట్టకూ అట్లాంటి నేలే కావాల, పొదలు మరీ దట్టంగానూ కాదు, మరీ పలచగానూ కాదు. కాస్త మేత, కాస్త కట్టెలు కొట్టడం ఉంటేనే ఆ నడిమి మట్టం నిలుస్తుందని దాన్ని చదివినవాళ్లు రాశారు. అంటే నీ మంద కూడా ఆ పిట్ట ఇంటికి కాస్త కాపలా కాసి ఉండొచ్చు. ఇక్కడి మంద జుజురాణా ఇంటిని మేసింది. రెండూ నిజమే అయితే కాపరి అన్న ఒక్క మాట మీద తీర్పు ఎట్లా చెప్పాలో నాకు తోచడం లేదు.

అన్ని పిట్టలూ కలివికోడి లాగా తిరిగి రావు. నైనిటాల్ కొండల్లో ఉండిన హిమాలయన్ క్వెయిల్ అనే చిన్న పిట్టను 1876 తరువాత చూశామని నిక్కచ్చిగా చెప్పినవాళ్లు లేరు.

*

సరాహన్, మే 16

నాయనా,

జలోరి కనుమ దాటి, సట్లెజ్ లోయలోకి దిగి, మళ్లీ ఎక్కి సరాహన్ వచ్చా. భీమాకాళి గుడిలో మీ ఇద్దరి పేర్లూ చెప్పుకున్నా. గుడికి కొంచెం పైన ఫెజెంట్ల పెంపక కేంద్రం ఉంది. జుజురాణాను బోనులో పిల్లలు చేయించిన చోటు ఇదే, 2005లో. అడవిలో చూడలేకపోతిని, ఇక్కడన్నా చూద్దామని పోతే గేటుకు తాళం. జత కట్టే కాలంలో చూసేవాళ్లను రానివ్వరంట. ముందే కనుక్కోకపోవడం నా బుద్ధితక్కువ. కాపలాయన మాత్రం నన్ను చూసి జాలిపడి, గేటు బయటే టీ పోశాడు. లోపల ఏదో అరిచింది. మేకపిల్ల లాగే.

బోనులో పిల్లలు పుట్టించడం ఒక ఎత్తు, వాటిని అడవిలో బతికించడం ఇంకో ఎత్తు. ఇస్లామాబాద్ పక్కన మర్గల్లా కొండల్లో ఇంగ్లండు నుంచి చీర్ గుడ్లు తెప్పించి, పొదిగించి, ఏళ్ల తరబడి వదిలారు. నిలదొక్కుకోలేదు. ఇంటి కోడిపిల్లకు గద్ద నీడ చూసి దాక్కోవడం తల్లి నేర్పుతుంది, ఇంక్యుబేటర్ నేర్పదు. ఇక్కడా 2019లో సిమ్లా దగ్గర చీర్‌లను వదిలారు. అడవి కింద గుబురు, వాలు మీద గడ్డి సరిగ్గా ఉన్న చోటు లేకపోతే ఎన్ని పిల్లల్ని చేసినా వదలడానికి చోటు ఏది?

శిల్ట్‌లో ఆ కాపరి అడిగిన మాట రాస్తానన్నా కదా. నువ్వు కరువు ఏడాది మంద అమ్మేసినావని చెప్పా ఆయనకు. "అమ్మేసిన మరుసటి రోజు పొద్దున లేచి మీ నాయన ఏం చేశాడు?" అని అడిగాడు. నేను అప్పుడు ఐదో తరగతి, బడికి పోయి ఉంటా. ఏమీ చెప్పలేకపోయినా. ఆయన నవ్వి, తన సంగతీ చెప్పలేదు.

ఆదివారం చండీగఢ్‌లో రైలెక్కుతా. నేనొచ్చినాక చెప్పు.

నీ కొడుకు