ఓడిపోయినట్టు కాగితం కావాలట!

పాల లెక్క మీరెక్కడ రాసుకుంటారు? మా ఇంట్లో అయితే వంటింటి తలుపు వెనక వేలాడే క్యాలెండరు మీదే. లీటరు, అరలీటరు, పాలు రాని రోజు సున్నా. ఆ లెక్క కింద నెలకోసారి ఎర్ర సిరాతో ఇంకో చిన్న అంకె వేసేదాన్ని. ఎవరైనా "ఇదేమిటి వదినా?" అని అడిగితే "చిట్టీ లెక్కలే" అని తప్పించుకునేదాన్ని. అది నా బరువు. అన్నేళ్ళు దాచుకున్న ఆ అంకెల్ని ఒకనాడు నేనే వెతికి తీసి నలుగురికీ చూపించాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

నాకు నలభై ఆరేళ్ళు. ఎత్తు 154 సెంటీమీటర్లు. 2025 జూన్‌లో డాక్టరుగారి దగ్గర తూగినప్పుడు 92 కిలోలు. షుగరు 2014 నుంచీ ఉంది. రెండు రకాల మాత్రలూ, రాత్రిపూట ఇన్సులినూ వాడుతున్నా మూడు నెలల సగటు 9.4 దగ్గరే కూర్చుంది. వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది నిద్ర. నా గురకకి మావారు హాల్లోకి మారి అయిదేళ్ళయింది, దానికి నవ్వుకునేవాళ్ళం. ఒక రాత్రి మా అమ్మాయి నా పక్కన పడుకుని, పొద్దున్నే ఏడుపు మొహంతో "అమ్మా, నీకు మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోతోంది. నేను లెక్కపెట్టాను" అంది. పరీక్ష చేయిస్తే జబ్బు తీవ్రంగానే ఉందన్నారు. ముక్కుకి తగిలించుకునే మిషను ఇచ్చి, బరువు తగ్గించే ఆపరేషను గురించి కూడా ఆలోచించమన్నారు.

అందం కోసం కొవ్వు తీయించుకోవడం అనుకునేరు, అది వేరు. ఇందులో పొట్ట సంచిలో దాదాపు ముప్పాతిక భాగం తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టేస్తారు. ఆకలి తగ్గుతుంది, చాలామందికి షుగరూ దిగుతుంది. విటమిన్లు మాత్రం జీవితాంతం మింగాలి. ఈ మాట వినగానే మా అత్తయ్యగారు, "మా రోజుల్లో కడుపు నిండక ఏడ్చాం. మీరు కడుపు కోయించుకుంటారుటే!" అన్నారు. ఆవిడ మాట తప్పని నేననలేను.

ఆసుపత్రి వాళ్ళు ఖర్చు 4 లక్షల 20 వేలని చెప్పారు. మావారిది ప్రైవేటు ఉద్యోగం. 2021లో తీసుకున్న కుటుంబ పాలసీ ఉంది. షుగరు సంగతి అప్పుడే రాసి ఇచ్చాం కనుక దాని మూడేళ్ళ గడువు కూడా తీరిపోయింది. ఇంకేం, అయిపోయినట్టే అనుకున్నాం. ఆసుపత్రి ఇన్సూరెన్సు బల్ల దగ్గర కూర్చునే కుర్రాడు నవ్వి, "మేడమ్, ముందు షరతు చదవండి" అన్నాడు.

చదివాను. ఈ షరతు ఒక్క మా కంపెనీ పెట్టింది కాదు. ఇన్సూరెన్సు కంపెనీల మీద పెత్తనం చేసే ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2019లో అందరికీ ఒకటే మాట ఖరారు చేసింది. బరువుని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బి.ఎం.ఐ. అది 40 దాటితే సరే. 35 దాటితే మాత్రం అదుపు తప్పిన షుగరో, తీవ్రమైన నిద్రజబ్బో, గుండెజబ్బో కూడా ఉండాలి. పైగా తేలికపాటి పద్ధతులు ప్రయత్నించి విఫలమై ఉండాలి. నాది 38.8. అంటే, నేను ఓడిపోయానని నేనే రుజువు చేసుకోవాలన్నమాట!

ఓడిపోయిన మాట నిజమే, ఎన్నిసార్లని చెప్పను? 2018లో బెజవాడంతా కొబ్బరినూనె, నిమ్మకాయల మోజులో ఉన్నప్పుడు నేనూ మొదలుపెట్టి మూడు నెలల్లో 11 కిలోలు తగ్గాను. మరుసటి సంక్రాంతికల్లా 13 పెరిగాను. తర్వాత కొర్రలు, అరికెలు. తర్వాత పొద్దున్నే పొడి కలుపుకు తాగడం. ఆ తర్వాత కృష్ణ ఒడ్డున నడక, మోకాళ్ళు మొరాయించేదాకా. కానీ కాగితం ఏదీ? కొబ్బరినూనె డబ్బా బిల్లు దాచుకునే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? చుట్టాలకి తెలియకూడదని గుట్టుగా చేసిన పనులకి సాక్ష్యం ఎవరు చెబుతారు?

దాంతో డైటీషియన్ దగ్గర మళ్ళీ మొదటినుంచీ. నెలనెలా వెళ్ళి తూగడం, ఆవిడ చీటీ మీద రాసి సంతకం పెట్టడం. ఇంకోపక్క ఎండోస్కోపీ, గుండె స్కాను, మానసిక వైద్యుడితో మాట. ఆయన "బాధ కలిగితే తింటారా?" అని అడిగితే, "సంతోషం కలిగినా తింటానండీ" అన్నాను. ఆయన కూడా నవ్వేశారు.

ఇక్కడ మీకొక మాట దాచకుండా చెప్పాలి. దసరా నాటికి 86కి దిగాను. ఎవరైనా అయితే సంతోషిస్తారు. నేను మాత్రం రాత్రిపూట కూర్చుని లెక్క వేశాను. నా ఎత్తుకి 35 అంటే 83 కిలోలు. ఇంకో మూడు కిలోలు తగ్గితే షరతు నుంచి జారిపోతాను. ఆపరేషనూ ఉండదు, తగ్గినది నిలుస్తుందన్న నమ్మకమూ లేదు, అది నాకంటే ఎవరికి బాగా తెలుసు? ఆ వారం రోజూ రెండు గరిటెలు అన్నం ఎక్కువ పెట్టుకున్నాను. పండక్కి చేసిన బూరెలు కూడా తిన్నాను. బూరె నోట్లో పెట్టుకుని భయంతో ఏడవడం ఎలా ఉంటుందో మీకెవరికీ తెలియకూడదని కోరుకుంటాను. డాక్టరుగారికి చెప్పేస్తే కోప్పడ్డారు. "కాలేయం మీద కొవ్వు కరిగితేనే నా పని సులువవుతుందమ్మా. కాగితాల సంగతి మేం చూస్తాం, మీరు తిండి సంగతి చూడండి" అన్నారు.

అక్టోబరు చివర్లో కాగితాలన్నీ పంపారు. క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు తేల్చాలని 2024 మే నెలలో నిబంధన వచ్చిందట. నిజమే, మాకూ గంటలోపే జవాబు వచ్చింది... ఇంకో మూడు కాగితాలు పంపమని! అవి పంపితే ఇంకో ప్రశ్న. కుక్కరు కూత వేసినా ఫోనేమోనని పరిగెత్తేదాన్ని. మోగితే గ్యాసు ఏజెన్సీ వాళ్ళు. పదో రోజున తేలింది. "ఇతర పద్ధతులు విఫలమైనట్టు తగిన ఆధారం లేదు" అని తిరస్కరించారు.

మావారు "అప్పు చేద్దాంలే" అన్నారు. నేనే ఒప్పుకోలేదు. ఆ మధ్యాహ్నం అలమరా అరల్లో డబ్బాలన్నీ దింపాను. మీకు తెలుసుగా, పాత క్యాలెండర్లు పారెయ్యం, డబ్బాల కింద పరుస్తాం. 2016 నుంచీ ఆరు దొరికాయి. పసుపు మరకలు, నూనె చుక్కలు, పాల లెక్కలు, వాటి కింద నా ఎర్ర అంకెలు. 2018లో 81, 76, 70. 2019లో 79, 83. అమ్మాయి ఫోటోలు తీసింది. క్యాలెండరు అంకెల్ని కంపెనీ నమ్ముతుందా అని నాకూ అనుమానమే. కానీ వాటి తేదీలు పట్టుకుని వెతికితే అసలైనవి దొరికాయి. షుగరు డాక్టరు పాత చీటీల మీద అదే నెలలో అదే బరువు! జిమ్ రసీదులు రెండు, ఆయుర్వేద ఆసుపత్రి చీటీ ఒకటి. వాటన్నిటినీ వరసగా పెట్టి, డాక్టరుగారితో ఉత్తరం రాయించి, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపాం.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పని పడితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. కాదంటే ఏ షరతు ప్రకారం కాదన్నారో కంపెనీ చెప్పి తీరాలి, అది రాతలో తీసుకోండి. ఫిర్యాదు చేసిన నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఇక డాక్టరు చీటీలు మాత్రం దయచేసి పారెయ్యకండి. బరువు రాయించుకోవడానికి సిగ్గుపడి "వద్దులెండి" అనకండి. నేను అలా అన్న నాలుగేళ్ళకి ఒక్క కాగితమూ లేదు.

హైదరాబాదు దాకా వెళ్ళే పని పడలేదు. డిసెంబరు రెండో వారంలో కుర్రాడే ఫోను చేశాడు. "మేడమ్, వచ్చేసింది. మూడు లక్షల పది వేలకి." మిగతాది చిట్టీ పాడి కట్టాం. ఈసారి నిజం చిట్టీయే!

ఆపరేషనుకి ముందు రెండు వారాలు ద్రవాహారమే. నిన్న మొదలైంది. మజ్జిగ, పలచటి సూపు, ప్రోటీను పొడి. ఇవాళ ఇంట్లో వాళ్ళకి గుత్తివంకాయ చేశాను. చెయ్యి అలవాటుగా గరిటె దాకా వెళ్ళి ఆగింది. ఉప్పు చూడమని అమ్మాయిని పిలిచాను. కాస్త తక్కువైందట.