బుగ్గన చెయ్యి

మా ఇంట్లో చదరంగానికి రాణి ఉండేది కాదు, మంత్రి ఉండేవాడు. నాన్న నాకు ఆట నేర్పింది పాత కొయ్య పావులతో. ఏనాడో పోయిన రెండు బంట్ల స్థానంలో ఒక చింతపిక్కా, ఒక చొక్కా గుండీ కొలువు చేసేవి. అమ్మకు ఆట రాదు. వంటింటి గడప మీద బుగ్గన చెయ్యి పెట్టుకుని మా ఆట ముగిసేదాకా చూస్తూ కూర్చునేది. "అలా కూర్చోకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?" అని నాన్న బల్ల మీది చూపు తిప్పకుండానే విసుక్కునేవారు.

అమ్మ 2008 వానాకాలంలో పోయింది. లండన్ నుంచి టికెట్టు దొరికి నేను ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. నాన్న నన్నేమీ అనలేదు. ఆ అనకపోవడమే తరవాత ఏడాది పొడుగునా మా ఫోను సంభాషణల్లో పేరుకుపోయింది.

ఆ మరుసటి ఏడు, తోచక తిరుగుతున్న ఒక ఆదివారం నాడు, బ్రిటిష్ మ్యూజియంలో లూయిస్ చదరంగపు పావులు చూశాను. స్కాట్లండుకు పడమట ఉన్న లూయిస్ ద్వీపంలో 1831లో బయటపడ్డాయవి. పన్నెండో శతాబ్దం చివరివి. ఎక్కువ భాగం వాల్రస్ దంతంతో, కొన్ని తిమింగలం పంటితో చెక్కినవి. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో చేసి ఉంటారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆ ద్వీపం కూడా అప్పట్లో నార్వే రాజుల ఏలుబడిలోదే.

రాజులు ఒడిలో కత్తి అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు. మన ఏనుగు నిలిచే మూల గడిలో వాళ్ళకు కాలిబంటు యోధుడుంటాడు. వాళ్ళలో కొందరు యుద్ధోన్మాదంతో డాలు అంచును పళ్ళతో కొరుకుతున్నారు. బంట్లకు మాత్రం ముఖాలు లేవు, పొలిమేర రాళ్ళలా ఉన్నాయి. (బంటు బతుకు ఎక్కడైనా అంతే కాబోలు.) సింహాసనాల వెనక వైపున లతలు అల్లుకున్నట్టు చెక్కిన పనితనం చూసి తీరవలసిందే. ఎదుటివాడికి కనపడని ఆ నగిషీ, పావులు నడిపేవాడి కళ్ళ ముందే ఉంటుంది.

ఇక రాణులు. అందరూ కుడిచెయ్యి బుగ్గన ఆనించుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్నారు. ఆ అద్దాల పెట్టె ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెళ్తూ వెళ్తూ, నకలు పావుల జత ఒకటి కొన్నాను. దంతం కాదు, రెసిన్ పోత.

ఆ సంక్రాంతికి ఊరు వెళ్ళి నాన్న ముందు పెట్టాను. ఒక్కొక్కటే తీసి, కళ్ళజోడు పైకెత్తి చూశారు. నేను లెక్క చెప్పాను: దొరికినవి మొత్తం 93, అందులో చదరంగపు పావులు 78. 82 వస్తువులు లండన్‌లో, 11 ఎడింబరోలో. నాలుగు జతలనుకుంటే రాజులు, రాణులు, బిషప్పులు సరిపోయారు. ఒక గుర్రం, నలుగురు యోధులు, 45 బంట్లు లేవు.

"పోయినవాటి బదులు ఏం పెట్టుకున్నారో?" అన్నారు నాన్న.

తరవాత రాణిని చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. "ఈవిడకెవరూ చెప్పలేదేమిరా, అలా కూర్చోకూడదని" అన్నారు చివరికి. గొంతు పూడుకుపోయింది. ఆ రాత్రి అమ్మ ఆఖరి మూడు రోజుల సంగతులు మొదటిసారి చెప్పారు. నా కోసం ఎన్నిసార్లు అడిగిందో కూడా. నేను విన్నాను.

ఆ పావులతో ఆడటం కష్టమే. ఏది రాజో, ఏది బిషప్పో తేల్చుకునేలోపు ఎత్తు మరిచిపోతాం. రెండు ఆటలాడి, మళ్ళీ చింతపిక్క జతకే వచ్చేశాం. రాణి మాత్రం నాన్న మేజా మీద ఉండిపోయింది.

2019లో, తప్పిపోయిన యోధుల్లో ఒకడు దొరికాడని వార్త వచ్చింది. 1964లో ఎడింబరోలో ఒక పాతవస్తువుల వ్యాపారి అయిదు పౌండ్లకు కొన్నదట. ఏళ్ళ తరబడి ఇంట్లో సొరుగులో పడి ఉండి, వేలంలో 7,35,000 పౌండ్లు పలికింది. వెంటనే నాన్నకు ఫోన్ చేశాను. ధర సంగతి ఆయన పట్టించుకోలేదు.

"అయితే ఇంకా ముగ్గురు రావాలన్నమాట" అన్నారు.