మరోట్టిచాల్‌లో ఒక మధ్యాహ్నం

వేసవి సెలవులు వచ్చాయంటే మన ఉద్యోగుల కాలనీలు పిల్లల కేరింతలతో నిండిపోతాయి. ఈత, సంగీతం, చిత్రలేఖనం సరసన చదరంగ శిక్షణ శిబిరాలు కూడా ఇప్పుడు చాలా పట్టణాలలో నడుస్తున్నాయి. చదరంగం వస్తే లెక్కలలో మార్కులు పెరుగుతాయన్న ఆశతో పిల్లలను చేర్పించే పెద్దలే ఎక్కువ. కిందటి వేసవిలో పదేళ్ల నా మనుమణ్ణి మా కాలనీ క్లబ్బులో జరిగిన పదిహేను రోజుల శిబిరంలో చేర్పించినప్పుడు నా ఆశ కూడా అదే.

నాలుగవ రోజున వాడు తనకంటే చిన్నదైన ఒక బాలిక చేతిలో ఓడిపోయాడు. పావులన్నీ చెల్లాచెదురు చేసి ఇంటికి వచ్చి, "ఇక నేను వెళ్లను తాతయ్యా" అని భీష్మించుకొని కూర్చున్నాడు. బుజ్జగింపులూ, బెదిరింపులూ ఫలించలేదు.

మా విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక మలయాళీ మిత్రుని ఇంట వివాహానికి ఆ వారమే త్రిస్సూర్ వెళ్లవలసి ఉన్నది. వాణ్ణి వెంటబెట్టుకొని సికింద్రాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రైలు గుంటూరులో ఆగినప్పుడు, 2001లో గ్రాండ్‌మాస్టర్ అయిన పెంటేల హరికృష్ణ, 2011లో ఆ హోదా పొందిన ద్రోణవల్లి హారిక ఈ ఊరి బిడ్డలేనని చెప్పాను. "వాళ్లు ఓడిపోరు కదా!" అన్నాడు వాడు. నా వద్ద సమాధానం లేకపోయింది.

వివాహం మరునాడు మిత్రుడు మమ్మల్ని మరోట్టిచాల్ తీసుకొనివెళ్లాడు. త్రిస్సూర్‌కు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో, కొండల పాదాన, రబ్బరు తోటల నడుమ ఒదిగిన పల్లె అది. వర్షాకాలంలో ఉరకలు వేసే అక్కడి జలపాతాలు మేము వెళ్లేనాటికి సన్నని ధారలుగా మిగిలాయి. అయితే ఆ ఊరికి పేరు తెచ్చింది జలపాతాలు మాత్రమే కాదు. కొన్ని దశాబ్దాల క్రితం నాటుసారా, జూదం ఆ పల్లెను పీడించేవి. ఊరిలోని ఒక యువకుడు పొరుగూరిలో చదరంగం నేర్చుకొని వచ్చి, తోటివారికి నేర్పసాగాడు. తరువాత ఆయన నడిపిన టీ దుకాణమే ఆటశాల అయింది. చేతులు పావుల మీదికి మళ్లాయి, పేకముక్కలు వెనుకబడ్డాయి. నేడు అక్కడ చదరంగం తెలియని ఇల్లు అరుదని చెప్పుకుంటారు.

బస్సు స్టాపు వద్ద బల్ల ముందు కూర్చున్న ఒక వృద్ధుడు మావాణ్ణి చూసి, ఎదుటి చోటు చూపాడు. ఆయనకు తెలుగు రాదు, వీడికి మలయాళం రాదు. పావులు పరచిన తరువాత భాషతో పని లేకపోయింది. కొద్దిసేపటిలోనే మావాడి ఆట కట్టింది. వాడి ముఖం ఎర్రబడింది. వృద్ధుడు మాత్రం విజయగర్వం చూపలేదు. పావులను వెనక్కు జరుపుతూ, వాడు తొందరపడి గుర్రాన్ని కదిపిన చోటికి ఆటను తెచ్చి ఆగాడు. ఇక్కడ ఇంకేమి చేయవచ్చునని కనుసైగతో అడిగాడు. వాడు చాలాసేపు ఆలోచించి ఒక బంటును ముందుకు జరిపాడు. వృద్ధుడు తల ఊపి, చేయి చాచి కరచాలనం చేశాడు. రెండవ ఆటలోనూ మావాడు ఓడిపోయాడు. కానీ ఈసారి పావులను వెనక్కు జరిపినది వాడే!

ముప్పై ఏళ్లుగా యంత్రాల మధ్య బ్రతికినవాడిని. యంత్రం ఆగిపోతే ఎవరి మీదా అలగము. ఏ బేరింగు వేడెక్కింది, ఏ వాల్వు మొరాయించింది అని వెదికి, నివేదిక రాసి, సరిచేస్తాము. ఓటమిని కూడా అలా విప్పి చూడవచ్చునని నా మనుమడికి నేను చెప్పలేకపోయాను. భాష తెలియని ఒక పెద్దమనిషి చెప్పగలిగాడు.

తిరిగి వచ్చాక వాడు తనంతట తానే శిబిరానికి వెళ్లాడు. ముగింపు పోటీలో బహుమతి రాలేదు. ఆ సాయంత్రం మాత్రం ఎత్తులన్నీ రాసుకొన్న నోటుపుస్తకం తెచ్చి, "నేను ఎక్కడ తప్పానో చూడు తాతయ్యా" అన్నాడు. లెక్కల మార్కుల సంగతి నేను అడగలేదు.

రాబోయే వేసవిలో మీ పిల్లలను కూడా ఇటువంటి శిబిరాలకు పంపండి. సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు "గెలిచావా?" అని కాక, "ఈ రోజు ఆట ఎలా సాగింది, చూపించు" అని అడగండి.