విజేతలపై పడని వెలుగు

యుద్ధచిత్రం ఎదుట నిలిచినప్పుడు మన చూపు ముందుగా విజేతను వెదకుతుంది. ఎత్తైన అశ్వం, ఎగిరే పతాకం, మెరిసే కవచం ఉన్నచోట కన్ను ఆగుతుంది. రాజాశ్రయం పొందిన చిత్రకారులు శతాబ్దాల తరబడి ప్రేక్షకుని చూపును ఆ విధంగానే నడిపించారు. రాజు కోరిన వస్తువునే స్వీకరించి, ఆ చూపును వేరొక వైపునకు మరల్చిన చిత్రకారుడు యూజెన్ దెలక్రువా. ఫ్రాన్సు దేశీయుడైన ఆయన 1840లో పూర్తిచేసిన తైలవర్ణచిత్రం పేరు 'కాన్‌స్టాంటినోపుల్‌లో క్రూసేడర్ల ప్రవేశం'. నాలుగు మీటర్లకు మించిన ఎత్తు, ఇంచుమించు అయిదు మీటర్ల వెడల్పు గల ఆ పటం నేడు పారిస్ నగరంలోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

ఆ చిత్రానికి ఆధారమైన చరిత్ర విషాదకరమైనది. జెరూసలేము నగరాన్ని ముస్లిం పాలకుల నుండి తిరిగి పొందాలని ఐరోపా క్రైస్తవులు సాగించిన దండయాత్రలకు క్రూసేడులని పేరు. నాలుగవ క్రూసేడుకు పూనుకొన్నవారు 1201లో ఓడల కోసం వెనిస్ నగరంతో 85,000 వెండి మార్కులకు ఒప్పందం చేసుకొన్నారు. అనుకొన్నంత సేన రాలేదు, సొమ్ము చెల్లించలేకపోయారు. ఆ ఋణభారంతోనే 1202లో జారా అనే క్రైస్తవ నగరాన్ని ముట్టడించారు. అటుపిమ్మట, తన తండ్రికి సింహాసనం తిరిగి ఇప్పిస్తే అపారధనం ఇస్తానన్న బైజాంటియన్ రాకుమారుని మాట నమ్మి, నేడు ఇస్తాంబుల్ అని పిలువబడే కాన్‌స్టాంటినోపుల్ వైపు మళ్ళారు. అదీ క్రైస్తవ మహానగరమే.

రాకుమారుడు సింహాసనం ఎక్కాడు గాని మాట నిలుపుకోలేకపోయాడు. 1204 ఆరంభంలో స్వజనుల చేతనే హతుడయ్యాడు. అప్పుడు క్రూసేడర్లు నగరాన్నే కొల్లగొట్ట నిశ్చయించారు. భూభాగం వైపున ఉన్న అయిదవ శతాబ్దపు ప్రాకారాలు దుర్భేద్యాలు. అందుచేత వారు గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయ వైపున్న గోడలను ఎంచుకొన్నారు. ఏప్రిల్ 9వ తేదీన జరిపిన దాడి విఫలమైంది. పన్నెండవ తేదీన ఓడలను రెండేసి చొప్పున జతకట్టి, కొయ్య స్తంభాల పైనుండి వంతెనలు చాపి, బురుజులపైకి దుమికారు. కోట పడింది. మూడు దినాలు దోపిడీ సాగింది. దేవాలయాలు సైతం మిగలలేదు.

ఇటువంటి విజయాన్ని కీర్తించమని ఆరువందల ఏండ్ల తరువాత ఒక రాజు కోరడం గమనింపదగిన విషయం. ఫ్రాన్సును పాలించిన లూయీ ఫిలిప్, వెర్సాయ్ రాజప్రాసాదాన్ని ఫ్రాన్సు ఘనకీర్తికి అంకితమైన చరిత్ర మ్యూజియంగా మార్చాడు. అందులో క్రూసేడులకు ప్రత్యేకమైన గదులను కేటాయించాడు. ఆ గదుల కొరకే దెలక్రువాకు 1838లో ఈ చిత్రం వేసే పని అప్పగించారు. విజయయాత్ర కావాలన్నారు, ఆయన విజయయాత్రనే చిత్రించాడు.

తరగతిలో ఈ చిత్రపు అచ్చుప్రతిని చూపినప్పుడు నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇందులో నాయకుడెవరు? పిల్లలు తడుముకోకుండా నడుమనున్న రౌతును చూపుతారు. అతడే ఫ్లాండర్స్ ప్రభువు బాల్డ్విన్. వెలుగు ఎవరిపై పడింది? ఈసారి సమాధానానికి కొంత సమయం పడుతుంది. వెలుతురు విజేతల వెనుక నుండి వస్తున్నందున వారి ముఖాలు నీడలో మసకబారాయి. ఎడమవైపున ఒక వృద్ధుడు చేయి చాచి ప్రాధేయపడుతున్నాడు. కుడివైపున ఒక స్త్రీ నేలకొరిగిన మరొక స్త్రీపై వంగి ఉంది. ఆమె బంగారువన్నె జుట్టు జారిపడింది. అనాచ్ఛాదితమైన వీపుపై వెలుగు నిలిచింది. దూరాన నీలిజలాలు, వాటి ఒడ్డున పొగలు కమ్మిన నగరం. పిల్లలు ఒక్కొక్కరుగా రౌతును వదలి ఆ స్త్రీల వైపు చూడడం నేను అనేక పర్యాయాలు గమనించాను.

ఈ దృష్టి మన సాహిత్యానికి కొత్తది కాదు. కాన్‌స్టాంటినోపుల్ పతనమైన ఆ పదమూడవ శతాబ్దివాడే మన తిక్కన. ఆయన తెనిగించిన భారతంలో యుద్ధపర్వాల వెంటనే స్త్రీపర్వం వస్తుంది. నూరుగురు కొడుకులను కోల్పోయిన గాంధారి రణభూమిని చూస్తుంది. అభిమన్యునిపై పడి విలపించే ఉత్తర శత్రుపక్షపు కోడలని ఎరిగియు ఆమె దుఃఖాన్ని తన దుఃఖంగా చెప్పుకొంటుంది. విజయం ఎవరిదో ఆ పర్వం చదివేనాటికి పాఠకునికి తెలుసు. అయినా ఆ విజయం ఖరీదు ఎంతో అక్కడనే తెలుస్తుంది.

ఆ ముట్టడి వలన విజేతలకైనా మిగిలింది స్వల్పమే. బాల్డ్విన్ 1204 మే నెలలో చక్రవర్తిగా పట్టాభిషిక్తుడై, మరుసటి ఏడే ఆడ్రియానోపుల్ యుద్ధంలో బల్గేరియన్లకు బందీగా చిక్కి, మరలి రాలేదు. బైజాంటియన్లు 1261లో తమ నగరాన్ని తిరిగి పొందారు. వెనిస్‌కు తరలిపోయిన నాలుగు కంచుగుర్రాలు మాత్రం నేటికీ అక్కడి సెయింట్ మార్క్ దేవాలయంలో దోపిడీకి సాక్ష్యంగా ఉన్నాయి. 2001లో పోప్ రెండవ జాన్‌పాల్ ఏథెన్సులో ఆ దురంతాన్ని ప్రస్తావించి దైవక్షమను అర్థించారు. అప్పటికి దాదాపు ఎనిమిది వందల ఏండ్లు గడచాయి.

పరీక్షల కొరకు మనం యుద్ధాల తేదీలను కంఠస్థం చేస్తాం. గెలిచినవారి పేర్లను గుర్తుంచుకొంటాం. అది అవసరమే. కాని ఆ పేర్ల క్రింద, గుర్రపు డెక్కల చెంత, పేరులేని మనుష్యులు ఉంటారు. దెలక్రువా ఆ ఇద్దరు స్త్రీలకు పేర్లు పెట్టలేదు. తన చిత్రంలోని వెలుగును ఇచ్చాడు. చరిత్రను చదివే విద్యార్థి ఇవ్వగలిగినది కూడా అదే.