డల్లాస్ వడగళ్ళూ, లీజు కారూ

మన ఊళ్ళలో ఎండాకాలం వడగళ్ళు పడితే పిల్లలు గిన్నెలు పట్టుకుని వాకిట్లోకి పరుగెడతారు. మామిడి తోటలున్నవాళ్ళకి మాత్రం గుండె గుభేలుమంటుంది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్‌లో అయితే అందరికీ గుండె గుభేలే! అక్కడ వాకిట్లో ఉండేది కారు మరి.

డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ఊళ్ళలో మన తెలుగువాళ్ళు బోలెడుమంది. ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి ఉంది. గోంగూర, దొండకాయలు దొరికే కొట్లున్నాయి. అమ్మాయికి పురుడు పోయడానికి వెళ్ళే తల్లులు చలి తగ్గాక వెళితే బావుంటుందనుకుంటారు. నిజమే, ఏప్రిల్‌లో రోడ్ల పక్కన బ్లూబానెట్ పూలు నీలంగా విరగబూస్తాయి. అయితే వడగళ్ళ కాలమూ అదే!

దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా తేమగాలి, పడమటి నుంచి పొడిగాలి వచ్చి ఇక్కడ కలుసుకుంటాయి. మేఘంలో చినుకులు పైకి లేచి గడ్డకట్టి, పొర మీద పొర పేరుకుని, గాలి మోయలేనంత బరువయ్యాక కింద పడతాయి. 1995 మే 5న పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో, ఆరుబయట వేడుక జరుగుతుండగా పడిన వడగళ్ళకి వందమందికి పైగా గాయపడ్డారు. 2016 ఏప్రిల్ 11న వైలీ ఊళ్ళో సాఫ్ట్‌బాల్ అంత వడగళ్ళు పడి ఇళ్ళ కప్పులూ, కార్ల అద్దాలూ పగిలిపోయాయి.

ఇక అసలు సంగతి. అక్కడ మన పిల్లల్లో చాలామంది కారు కొనుక్కోరు, లీజుకి తీసుకుంటారు. మూడేళ్ళపాటు నెలనెలా డబ్బు కట్టి, గడువు తీరాక తిరిగి ఇచ్చేస్తారు. అంటే కారు మనదగ్గరుంటుంది గానీ మనది కాదు. అద్దె ఇంటి గోడకి చిల్లులు పడితే ఖాళీ చేసేటప్పుడు ఇల్లుగలావిడ ఊరుకుంటుందా? ఇదీ అంతే. సొంత కారైతే సొట్టలతోనే తిప్పుకోవచ్చు. లీజు కారుని తిరిగి ఇచ్చేముందు ఒక్కొక్క సొట్టనీ కొలిచి చూస్తారు. హద్దు మించితే డబ్బు కట్టాల్సిందే.

మరి ఏం చేయాలంటారా? వాన వెలిశాక కారుకి అన్ని వైపులా ఫోటోలు తీయాలి. పగిలిన అద్దం ఉంటే లోపలికి నీళ్ళు పోకుండా కప్పాలి. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళకీ, లీజు కంపెనీకీ ఇద్దరికీ ఫోన్ చేయాలి. వడగళ్ళ నష్టం ‘కాంప్రహెన్సివ్’ అనే భాగం కిందికి వస్తుంది. లీజు కంపెనీలు మామూలుగా అది ఉండి తీరాలంటాయి. అందులో ‘డిడక్టిబుల్’ అని మన వాటా ఒకటుంటుంది. అది 500 డాలర్లనుకోండి, మరమ్మతు 3,000 అయితే మిగతా 2,500 ఇన్సూరెన్స్ ఇస్తుంది.

ఆ డబ్బు చేతికొస్తే ఉయ్యాలకో, మంచానికో ఖర్చుపెడదామనిపిస్తుంది. వద్దు! అది కారు డబ్బు. గడువు తీరిన రోజున ఆ సొట్టలకి మళ్ళీ జేబులోంచి తీయాల్సి వస్తుంది. చెక్కు మీద లీజు కంపెనీ పేరు కూడా ఉండొచ్చు.

రంగు ఊడకపోతే మరమ్మతు తేలికే. సన్నని ఇనుప కడ్డీలతో రేకుని లోపలి నుంచి కొద్దికొద్దిగా నొక్కి, సొట్ట పైకి తెస్తారు. కొత్త రంగు వేయక్కర్లేదు. పెద్ద వాన వెలిసిన మర్నాడే ఎక్కడెక్కడి నుంచో వచ్చి తలుపు తట్టే రిపేరువాళ్ళుంటారు. లీజు కంపెనీ షరతులు చూసుకోకుండా వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టకూడదు. పని అయ్యాక బిల్లులు కారు తిరిగి ఇచ్చేదాకా దాచాలి. కారు బాగుచేయలేనంత పాడైతే ఇన్సూరెన్స్ డబ్బు లీజు కంపెనీకి పోతుంది. ఇంకా బాకీ మిగిలితే దాన్ని తీర్చే ‘గ్యాప్’ రక్షణ లీజు కాగితాల్లో ఉందో లేదో ముందే చూసుకోమనండి.

మీరు ఈ వసంతంలో వెళుతుంటే, అమ్మాయి ఉండే అపార్టుమెంట్లో కప్పున్న పార్కింగ్ ఉందా అని అడగండి. నెలకి కొంత అద్దె ఎక్కువైనా ఆ నాలుగు నెలలూ దండగ కాదు. ఒకవేళ కారు ఆరుబయట ఉండగా వడగళ్ళు మొదలైతే, దుప్పటి కప్పుదామని పరుగెత్తకండి. కారుకి ఇన్సూరెన్స్ ఉంది. మీ తలకి లేదు!